తాళంచెవి ఎవరి చేతిలో?

(చేవెళ్ల, మొయినాబాద్ మండలాల మహిళా సంఘాల సభ్యులు, స్వచ్ఛంద సంస్థల కార్యకర్తలు కలిసి చేవెళ్లలో జరుపుకున్న సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సమావేశానికి పిలిచినప్పుడు నిర్వాహకులు నాకిచ్చిన అంశం ‘స్త్రీలు - సంచార స్వేచ్ఛ’. పెద్ద మాట. దీనిమీద గంటసేపు మాట్లాడటం నాబోటి పరిశోధకులకు కష్టం కాదు. కానీ పోయిన నెల మొయినాబాద్ దగ్గర ఒక ఊళ్లో సంఘం మీటింగులో ఇలాగే మాట్లాడుతుంటే, చామంతి తోట పెట్టుకున్న ఒకామె నన్ను మధ్యలో ఆపింది. “మేడం, నువ్వు చెప్పిందంత మంచిగనే ఉంది. గని మేం పదిమందిమి కరెంటు బండ్లకు లోన్ పెట్టుకుందామనుకుంటున్నం. ఏ బండి తీసుకోవాలె? గది చెప్పు” అంది.

నా దగ్గర జవాబు లేదు. సోషియాలజీలో డాక్టరేటు ఉంది గానీ, పూల గోనె ఏ బండిమీద నిలుస్తుందో తెలియదు. సిగ్గేసింది. ఆ తర్వాత నెలరోజులు తిరిగాను. షోరూముల్లో అడిగాను, మెకానిక్కుల దగ్గర కూర్చున్నాను, బండ్లు నడుపుతున్న స్త్రీల వెంట వెళ్లాను. అందుకే ఈరోజు ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికే వచ్చాను. చెప్పేకొద్దీ ఆ జవాబు మళ్లీ మన పెద్ద మాట దగ్గరికే వస్తుంది. అది నా తప్పు కాదు, బండి స్వభావమే అలాంటిది.

ముందు మన రోడ్డు సంగతి చూద్దాం. హైదరాబాదు నుంచి బీజాపూర్ వెళ్లే ఈ 163వ నెంబరు జాతీయ రహదారి మీద మొయినాబాద్, చేవెళ్ల ఉన్నాయి. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చెరువుల పరీవాహక ప్రాంతాన్ని కాపాడటానికి 1996 మార్చి 8న 111 జీవో వచ్చింది. మహిళా దినోత్సవం నాడే వచ్చిన ఆ జీవో పరిధిలో 84 గ్రామాలుండేవి. నగరం పక్కనే ఉండి కూడా ఇక్కడ ఇన్నాళ్లూ పూలు, కూరగాయలు, ఆకుకూరలు పండటానికి ఉన్న కారణాల్లో అదొకటి. 2022లో 69 జీవోతో ప్రభుత్వం దాన్ని పక్కకు నెట్టింది. భూముల ధరల గురించి అందరూ మాట్లాడుతున్నారు. ఆ భూముల్లో బంతి, చామంతి, గులాబీ తెంపే చేతుల గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

ఆ చేతులెవరివి? పూలు తెంపేది ఆడవాళ్లు. కొత్తిమీర, పాలకూర కట్టలు కట్టేది ఆడవాళ్లు. కలుపు తీసేదీ, నారు పెట్టేదీ వాళ్లే. కానీ తెల్లవారుజామున గుడిమల్కాపూర్ పూల మార్కెట్టుకు గోనె పట్టుకుపోయేది ఎవరు? చాలా ఇళ్లలో మగవాళ్లు. ఎందుకంటే బండి వాళ్లది. నేను మాట్లాడిన ఇళ్లలో ఒక విషయం మళ్లీ మళ్లీ ఎదురైంది. “నిన్న చామంతి కిలో ఎంతకు పోయింది?” అని అడిగితే, ఆమె ఇంట్లోకి తిరిగి భర్తను అడుగుతుంది. ఏ మొక్కకు ఎప్పుడు నీళ్లు పెట్టాలో ఆమెకు తెలుసు, ఏ పువ్వు రేపటికి విచ్చుతుందో తెలుసు. ధర మాత్రం తెలియదు. తన శ్రమకు మార్కెట్టులో ఏం వెల కట్టారో ఇంకొకరి నోటినుంచి వినాల్సిందే. ఇరవై కిలోమీటర్ల దూరమే ఆమెకూ ఆమె సంపాదనకూ మధ్య గోడ.

ఈ దూరం నాకు కొత్త కాదు. మా అమ్మ ఆకుకూరల గంపతో మెహదీపట్నం బస్సెక్కేది. కండక్టరు గంపను చూసి బెల్లు కొట్టి బస్సును పోనిచ్చిన రోజున, ఆ గంప పక్కనే రోడ్డుమీద కూర్చుని వచ్చినకాడికి అమ్ముకుని ఇంటికొచ్చేది. మా నాన్నకు సైకిలుండేది. అమ్మ దానిమీద వెనక కూర్చోవడమే గాని హ్యాండిల్ పట్టుకున్నది నేనెప్పుడూ చూడలేదు. నేనే స్కూటరు నేర్చుకున్నది 43 ఏళ్లకు. ఒకసారి పడి మోకాలు చెక్కుకుపోయింది. “ఈ వయసులో ఎందుకమ్మా” అన్నవాళ్లే, అదే వయసు మగవాడు బుల్లెట్టు కొంటే దావత్ అడిగారు.

ఇక్కడ కొందరు అడగొచ్చు, ఉచిత బస్సు ఉంది కదా అని. 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం మొదలైంది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు జీరో టికెట్టు ఇచ్చారు. దాన్ని తేలిగ్గా తీసిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను. పుట్టింటికి, ఆస్పత్రికి, కాలేజీకి, కూలికి ఎవరినీ పైసలు అడగకుండా బయల్దేరగలగడం చిన్న విషయం కాదు. కానీ జీరో టికెట్టు మనిషికే. కిక్కిరిసిన బస్సులో గంపకు చోటు దొరుకుతుందన్న హామీ లేదు. తెల్లవారుజామున పూలు మార్కెట్టుకు చేరాల్సిన వేళకు బస్సు ఉండదు. పొలం నుంచి రోడ్డు దాకా ఉన్న రెండు మూడు కిలోమీటర్లకు అసలే ఉండదు. ఆ దూరం నెత్తిన మోయాల్సిందే.

ఇంకోమాట. ఆడవాళ్ల ప్రయాణం మగవాళ్ల ప్రయాణంలా ఉండదు. ఇంటినుంచి పనికి, పనినుంచి ఇంటికి అన్నట్టు తిన్నగా సాగదు. బిడ్డను అంగన్‌వాడీలో దింపాలి, పొలానికి సద్ది పట్టుకుపోవాలి, వచ్చేటప్పుడు గడ్డిమోపు తేవాలి, రేషను తేవాలి, అత్తను దవాఖానకు తీసుకుపోవాలి. 2024 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే స్త్రీలు దానికి రోజుకు సగటున 289 నిమిషాలు వెచ్చిస్తే, ఇంటిపని చేసే పురుషులు వెచ్చించేది 88 నిమిషాలు. పొలం పనీ మార్కెట్టు పనీ మిగిలిన సమయంలో ఇమడాలి. కాబట్టి ఆమెకు కావలసింది చిన్న చిన్న దూరాలు, ఎక్కువసార్లు ఆగటం, ప్రతిసారీ ఏదో ఒక బరువు మోయటం వీలయ్యే బండి. ‘లేడీస్ బండి’ అని గులాబీ రంగు వేసి అమ్మేవాళ్లు ఈ లెక్క వేయలేదు.

అప్పటి మన పక్క రాష్ట్రంలో 1991లో ఏం జరిగిందో చాలామందికి గుర్తుండే ఉంటుంది. తమిళనాడులోని పుదుక్కోట్టైలో అరివొళి ఇయక్కం అనే అక్షరాస్యతా ఉద్యమం సాగింది. అప్పటి కలెక్టరు షీలా రాణి చుంకత్ ఆ ఉద్యమంలో సైకిలు నేర్చుకోవడాన్ని భాగం చేశారు. అక్షరాలతోపాటు సైకిలు కూడా. లక్షమందికి పైగా గ్రామీణ స్త్రీలు నేర్చుకున్నారు. మన నెల్లూరు జిల్లాలో ఆ కాలంలోనే అక్షరాస్యతా తరగతుల్లోంచి సారా వ్యతిరేక ఉద్యమం పుట్టింది. ఒకచోట పలక సారా మీద తిరుగుబాటయింది, ఒకచోట సైకిలు చక్రమయింది. పుదుక్కోట్టై గురించి జర్నలిస్టు పి. సాయినాథ్ రాసినదాంట్లో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. లేడీస్ సైకిళ్లకు కొరత వస్తే ఆడవాళ్లు జెంట్స్ సైకిళ్లే కొన్నారు. కొందరికి అవే బాగున్నాయి, ఎందుకంటే ముందున్న కడ్డీమీద బిడ్డను కూర్చోబెట్టుకోవచ్చు. ఎవరో తమకోసం అనుకున్న బండిని కాక, తమ పనికి పనికొచ్చే బండిని వాళ్లు ఎంచుకున్నారు. మనం నేర్చుకోవలసింది అదే.

సరే, ఇప్పుడు బండి దగ్గరికి వద్దాం.

కరెంటు బండ్లు చట్టం దృష్టిలో రెండు రకాలు. మోటారు శక్తి 250 వాట్లకు మించకుండా, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు, బ్యాటరీ కాకుండా బరువు 60 కిలోల లోపు ఉండే బండిని మోటారు వాహనంగా లెక్కించరు. దానికి లైసెన్సు అక్కర్లేదు, రిజిస్ట్రేషను అక్కర్లేదు. షోరూములో ఆడవాళ్లు అడుగుపెట్టగానే ముందు దీన్నే చూపిస్తారు. “లైసెన్సు తలనొప్పి లేదమ్మా, మీకు ఇదే మంచిది” అంటారు. ఊళ్లో తిరగడానికి, బడికి, సంఘం మీటింగుకు ఇది చాలు. ధర తక్కువ. కానీ 50 కిలోల గోనె వేసుకుని ఎత్తు ఎక్కడానికి ఇది చాలదు. టిప్పర్లు దూసుకుపోయే బీజాపూర్ రోడ్డుమీద 25 కిలోమీటర్ల వేగంతో పోవడం ప్రమాదం. పైగా రిజిస్ట్రేషను లేదంటే మీ పేరున ఆర్సీ లేదు. ఆ ఆర్సీ లేకపోవడం సౌకర్యమో నష్టమో తర్వాత చెబుతాను.

రెండో రకం రిజిస్ట్రేషను చేయించాల్సిన బండి. మీలో చాలామందికి ఎక్సెల్ బండి తెలుసు. వెనక సీటు తీసేస్తే గోనె పడుతుంది, ముందు కాళ్ల దగ్గర ఇంకో సంచి పడుతుంది. కరెంటు బండ్లలో కూడా ఆ ఆకారం ఉన్నవి వచ్చాయి. 2024 ఫిబ్రవరిలో వచ్చిన ఈ-లూనా అలాంటిదే, 150 కిలోలు మోస్తుందని కంపెనీ చెబుతోంది. దాన్నే కొనమని నేను చెప్పడం లేదు, ఆకారం తెలియడానికి చెబుతున్నాను. బరువు మోయాలంటే నున్నగా మెరిసే స్కూటరుకన్నా అలాంటి బండి మేలు. గుర్తుంచుకోండి, 150 కిలోలంటే అందులో మీరూ ఉన్నారు. మీ బరువు 60 అయితే సరుకుకు మిగిలేది 90. సుమారు 25 కిలోల టమాట పెట్టెలు మూడు.

దూరం లెక్క అన్నిటికన్నా ముఖ్యం. కంపెనీ 110 కిలోమీటర్లు అని చెబితే అది ఒక్క మనిషి, చదునైన రోడ్డు, కొత్త బ్యాటరీ మీద వేసిన లెక్క. బరువు, ఎండ, ఎత్తుపల్లాలు, బ్యాటరీ వయసు అన్నీ దాన్ని తగ్గిస్తాయి. రెండు యూనిట్ల బ్యాటరీ బరువుతో 60, 65 కిలోమీటర్లు లాగుతుందనుకోవడం క్షేమం. మొయినాబాద్ నుంచి గుడిమల్కాపూర్ సుమారు పాతిక కిలోమీటర్లు. పోయి రావచ్చు. చేవెళ్ల నుంచయితే 40 దాటుతుంది, పోయి రావాలంటే 80కి పైనే. మార్కెట్టు దగ్గర చార్జింగ్ పెట్టుకునే వీలు లేకపోతే తిరుగుదారిలో బండి నెట్టుకుంటూ రావాలి. కాబట్టి చేవెళ్ల వాళ్లకు నా సలహా వేరు. పొలం నుంచి రోడ్డు దాకా, చుట్టుపక్కల ఊళ్లకు, చేవెళ్ల మార్కెట్టుకు బండి వాడండి. నగరానికి పదిమంది కలిసి ట్రాలీ ఆటో మాట్లాడుకోండి. కానీ వంతులవారీగా ఒక ఆడమనిషి దాంతో మార్కెట్టుకు పోవాలి. ధర మన చెవితో వినాలి.

కరెంటు ఖర్చు తక్కువే. రోజుకు 50 కిలోమీటర్లు పోతే ఎక్సెల్‌కు దాదాపు లీటరు పెట్రోలు, అంటే వంద రూపాయలకు పైన. కరెంటు బండికి దాదాపు రెండు యూనిట్లు, పదిహేను రూపాయల లోపు. కానీ ఇక్కడొక మెలిక ఉంది. నెలకు అదనంగా దాదాపు 60 యూనిట్లు కాలుతుంది. 2024 మార్చి నుంచి అమలైన గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపయితేనే జీరో బిల్లు. మీ ఇంట్లో ఇప్పటికే 150 కాలుతుంటే బండి వల్ల గీత దాటుతారు, మొత్తం బిల్లు వెయ్యికి పైగా కట్టాలి. అప్పుడు ఇంట్లో ఎవరి బండి మీద నెపం పడుతుందో చెప్పక్కర్లేదు. ముందే మూడు నెలల బిల్లులు తీసి చూసుకోండి. పొలం బోరు కనెక్షనుకు చార్జరు పెట్టకండి, అది సాగుకిచ్చిన కరెంటు.

బ్యాటరీ లిథియంది తీసుకోండి. లెడ్ బ్యాటరీ చవకే, కానీ బరువెక్కువ, తొందరగా దిగిపోతుంది. ఎన్నేళ్ల వారంటీ, ఎన్ని కిలోమీటర్ల దాకా, మార్చాలంటే ఎంత అనేది కాగితం మీద రాయించుకోండి. 2022లో చాలాచోట్ల బ్యాటరీలు పేలాయి. ఆ ఏడాది సెప్టెంబరు 12న సికింద్రాబాదులో కరెంటు స్కూటర్ల షోరూములో మొదలైన మంటల పొగకు పై అంతస్తుల లాడ్జిలో ఉన్న 8 మంది చనిపోయారు. ఆ తర్వాత బ్యాటరీ భద్రతకు ఏఐఎస్-156 ప్రమాణాన్ని కఠినం చేశారు. అది ఉన్న బండే తీసుకోండి. పడుకునే గదిలో, వంటింట్లో చార్జింగ్ పెట్టకండి. మీ ఊరికి పది కిలోమీటర్ల లోపు బాగుచేసే మెకానిక్కు లేకపోతే ఆ బండి వద్దు, అది ఎంత మంచిదైనా సరే.

బండి చూడటానికి చీరలోనే పోండి. కూర్చుంటే రెండు పాదాలూ నేలకు ఆనుతున్నాయా, వెనక చక్రానికి చీర గార్డు ఉందా, బరువు వేసి స్టాండు వేయగలరా, బ్యాటరీ అయిపోతే ఒక్కరే నెట్టగలరా చూడండి. ఖాళీ బండి నడిపి చూసి కొనకండి. గోనె వెంట తీసుకుపోండి. నవ్వితే నవ్వనివ్వండి.

ఇంతవరకు చెప్పింది కష్టమైన విషయం కాదు. అసలు కష్టం ఇప్పుడు చెప్పబోయేది. ఇది నా తప్పు గురించి.

పదేళ్ల కింద ఇంకో మండలంలో ఒక సంఘంతో కలిసి పనిచేశాను. పన్నెండు మందికి అప్పుమీద పెట్రోలు మోపెడ్లు ఇప్పించాం. దండలు వేసి ఫోటోలు తీసుకున్నాం. ఆర్నెల్ల తర్వాత పోతే పన్నెండు బండ్లలో పదకొండు మగవాళ్ల చేతుల్లో ఉన్నాయి. వాయిదాలు మాత్రం ఆడవాళ్లే కడుతున్నారు. ఒకామెను అడిగితే, “నాకు నడపొస్తదా మేడం? మా ఆయన నడుపుతడు, నేను ఎన్క కూసుంట” అంది. ఆమె తప్పేం లేదు. మేము అప్పు ఇప్పించాం, నడపడం నేర్పించలేదు, లైసెన్సు ఇప్పించలేదు. ఆర్సీ ఎవరి పేర ఉందో కూడా అడగలేదు. ఇంటి సమస్య అనుకున్నాం. 1996లో ఆన్ మేరీ గెట్జ్, రీనా సేన్ గుప్తా బంగ్లాదేశ్ చిన్న అప్పులమీద చేసిన అధ్యయనం నేను క్లాసులో పాఠం చెప్పేదాన్ని. అప్పు స్త్రీల పేర, అజమాయిషీ చాలావరకు ఇంటి మగవాళ్లదని ఆ అధ్యయనం చూపించింది. పాఠం చెప్పిన నేనే ఊళ్లో అదే చేశాను.

అందుకే ఆర్సీ గురించి అంత గట్టిగా అంటున్నాను. మనలో ఎంతమందికి భూమి పట్టా ఉంది? ఇల్లు ఎవరి పేర ఉంది? రిజిస్ట్రేషను బండి అంటే చాలామందికి తమ పేరుతో ప్రభుత్వం ఇచ్చే మొదటి ఆస్తి కాగితం. బండికి ఇన్సూరెన్సు ఉంటుంది. ప్రమాదం జరిగితే లెక్కలో ఉంటారు, గొడవైతే పోలీసు స్టేషన్లో ఇది నాది అని చూపించవచ్చు. లైసెన్సు లేకుండా తిరగొచ్చన్న బండి మనకు చేసే ఉపకారంలో మనల్ని లెక్కలోంచి తీసేయడం కూడా ఉంది. తెలంగాణలో 2024 నవంబరు 18 నుంచి 2026 డిసెంబరు 31 దాకా కరెంటు బండ్లకు రోడ్డు టాక్సు, రిజిస్ట్రేషను ఫీజు రద్దు చేశారు. ఖర్చు లేనప్పుడు కాగితం ఎందుకు వదులుకోవాలి? కేంద్రం రాయితీలు ఏటా మారుతుంటాయి, కొనేరోజు బిల్లులో చూపించమని అడగండి.

రోడ్డు గురించి కూడా ఒక మాట. 2024 డిసెంబరు 2న ఆలూరు గేటు దగ్గర రోడ్డు పక్క కూరగాయలు అమ్ముకుంటున్నవాళ్ల మీదికి లారీ దూసుకొచ్చింది. ప్రాణాలు పోయాయి. 2025 నవంబరు 3న మీర్జాగూడ దగ్గర కంకర టిప్పరు బస్సును ఢీకొని 19 మంది చనిపోయారు. ఈ దారిలో మనవాళ్లను బండిమీద పొమ్మని చెప్పడానికి నాకు భయంగానే ఉంది. కానీ భయానికి జవాబు ఇంట్లో కూర్చోవడం కాదు. మర్రిచెట్లు ఉండాలా, రోడ్డు వెడల్పు కావాలా అని గ్రీన్ ట్రిబ్యునల్ దాకా వాదన నడిచింది. ఆ చెట్లకింద గంప పెట్టుకున్న ఆడమనిషి ఎక్కడ కూర్చోవాలి, చిన్న బండి ఎక్కడ నడవాలి అని ఎవరూ వాదించలేదు. అది మనం అడగాలి.

మొయినాబాద్ అక్క అడిగిన ప్రశ్నకు నా జవాబు ఇది. అప్పు కాగితం మీద సంతకం పెట్టేముందే సంఘంలో తీర్మానం రాసుకోండి. నడపడం వచ్చి, లైసెన్సు చేతికొచ్చాకే అప్పు. నేర్పేది ఆడవాళ్లే కావాలి, ఊళ్లోనే నేర్పాలి. లైసెన్సు పరీక్ష తెలుగులో రాయొచ్చు. చదువురానివాళ్లకు రాత్రిబడిలోనే రోడ్డు గుర్తులు నేర్పుదాం, పుదుక్కోట్టైలో అక్షరాలూ సైకిలూ కలిపి నేర్పినట్టు. ఆర్సీ ఆమె పేర ఉండాలి. ఇక సంఘం నెలనెలా వాయిదా ఒక్కటే అడగొద్దు. ఈ నెలలో బండి ఎన్నిసార్లు నువ్వు నడిపావు అని కూడా అడగాలి. ఈ ప్రశ్న మేము అడగలేదు. మీరు అడగండి. రవాణా శాఖ ఊళ్లలో లైసెన్సు శిబిరాలు పెట్టాలనీ, మార్కెట్టుల్లో చార్జింగ్, ఆడవాళ్లకు మరుగుదొడ్లు ఉండాలనీ మండలాఫీసుల్లో మనమందరం కలిసి అర్జీలు ఇద్దాం.

మీటింగు అయ్యాక నాతో గేటు దాకా వచ్చిన చామంతి తోట అక్కను, “మీ ఆయన ఒప్పుకుంటాడా?” అని అడిగాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, “బండి కొంటె ఒప్పుకుంటడు. తాళంచెవి ఇయ్యమంటెనే లొల్లి” అంది. ఏ బండి కొనాలో నేను చెప్పగలిగినంత చెప్పాను. ఆ లొల్లి ఆమె ఒక్కతే పడకుండా చూడటం సంఘం పని, మనందరి పని.